బీరప్పకు ఇచ్చిన జపనీస్

శీతకాలంలో ఆ ఊళ్ళో పొద్దు తొందరగా లేవదు. కంది కోతలైపోయిన చేల మీద మంచు కూర్చుంటుంది, ఎవరో పరిచి మరిచిపోయిన గొంగడిలా. ఎండ వచ్చి దులిపేదాకా కదలదు. ఆ మంచులో గొర్రెలు కనిపించవు. మెడల్లో గంటలూ, మోళ్ళ మధ్య ఆకు వెతుక్కుని కొరికే చప్పుడూ మాత్రం వినిపిస్తుంటాయి. ఆ చప్పుళ్ళ నడుమ, గట్టు మీద నిలబడి నాగరాణి జపనీస్ నేర్చుకునేది.

తాండూరులో కాలేజీకి బస్సు వచ్చేదాకా, సెలవు రోజైతే పొద్దుగూకేదాకా, మంద వెంట అవ్వ కాశమ్మకు తోడుగా పోవడం ఆమె పని. అన్న పరమేశ్ తాండూరులోనే బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఒళ్ళంతా తెల్లటి బండపొడితో ఇంటికి వచ్చేవాడు. కొత్త ఫోను కొనుక్కున్నాక, అద్దం పగిలిన పాత ఫోను చెల్లెలికి ఇచ్చాడు. ఆ ఫోనులో ఏదో వెతుకుతుంటే ఒక పాఠం వీడియో వచ్చింది. ఒకామె తెలుగులో నవ్వుతూ, "భయపడకండి, జపనీస్ మనకు రాని భాషేం కాదు, ఇంకా రాలేదు అంతే" అంది. నాగరాణి ఆ మాట దగ్గర ఆగిపోయింది.

ఫోనులో ఆమె పేరు వైశాలి. వికారాబాద్‌లో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళ అమ్మాయి. కొన్నేళ్ళు జపాన్‌లో ఉద్యోగం చేసి వచ్చి, దుకాణం మీది గదిలో కూర్చుని పాఠాలు చెబుతుంది. పాఠం మధ్యలో కింద గిన్నెలు దొర్లిన మోత వినిపిస్తుంది. ఒకసారైతే "వైశూ, పాలు పొంగినయే!" అని వాళ్ళమ్మ కేక కూడా పడింది. వైశాలి అవేవీ తీసేయదు. ఎక్కడో సముద్రాల అవతలి భాషలో వికారాబాద్ పాలు పొంగడం నాగరాణికి ఎంతో నచ్చింది.

నాగరాణి నోరు మెదపని పిల్ల. ఊరి బడిలో పదేళ్ళు చదివినా, హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదే గాని గొంతు ఎత్తేది కాదు. కాలేజీకి వచ్చాక ఇంగ్లీషుతో ఆ కాస్త చెయ్యీ దిగిపోయింది. ఇంగ్లీషులో తప్పు మాట్లాడితే ఆ తప్పు చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. జపనీస్‌లో తప్పు మాట్లాడితే ఎవరికి తెలుస్తుంది? కంది మోళ్ళకు తెలియదు, గొర్రెలకు తెలియదు. ఆ ఊళ్ళో ఆ భాషకు తప్పే లేదు.

అయినా మొదట్లో ఆమె అక్కడా పెదవి విప్పలేదు. వైశాలి ఒక మాట పలికి, నేర్చుకునేవాళ్ళు తిరిగి పలకడానికని కాసేపు ఆగేది. ఆ ఖాళీలో నాగరాణి ఊరికే ఉండేది. గాలి వీచేది. గొర్రె ఒకటి తుమ్మేది. తర్వాత వైశాలి సంతోషంగా, "చాలా బాగా అన్నారు!" అనేది. ప్రతిసారీ అనేది. అనని మాటకు మెప్పు తీసుకోవడం నాగరాణికి దొంగతనంలా తోచింది. కొన్నాళ్ళు సిగ్గుపడి, చివరికి ఆ సిగ్గు భరించలేక, ఒక పొద్దున మంచులోకి మెల్లగా "ఒహాయో గొజాయిమాసు" అంది. శుభోదయం అని దానర్థం. పక్కన మేస్తున్న నల్ల గొర్రె తలెత్తి చూసి, మళ్ళీ మేతలో పడింది.

ఆ రోజు నుంచి ఆమె లోకం రెండు పొరలైంది. పైన ఊరు, కింద ఇంకేదో. రాయి అన్నది ఇషి అయింది. మంచు కిరి అయింది. గొర్రెను హిత్సుజి అంటారని తెలిసిన రోజున, మందలో ఒక్కొక్కదాని దగ్గరికీ పోయి ఆ మాట చెప్పి వచ్చింది, కొత్త పేరు పెట్టినట్టు. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే తాండూరు దారి పొడుగునా పేర్చిన బండల దొంతులు వెనక్కి పోతుండేవి. ఆ దొంతుల మధ్య నుంచి ఎప్పుడో ఒకసారి సముద్రం కనిపిస్తుందేమో అనిపించేది.

"ఏంది పిల్లా, పొద్దుగాల్నే మంత్రాలు చదువుతున్నవ్?" అనేది కాశమ్మ, రొట్టె మూట విప్పుతూ.

"మంత్రాలు గాదవ్వా, పాఠం."

"పాఠమైతే పుస్తకం ఏది?"

"గీ ఫోన్లనే ఉంటది."

"ఫోన్ల గా పిల్ల నిన్ను సూస్తదా?"

"సూడదు."

"మంచిగైంది. సూస్తే నువ్వు గొంగట్ల దాసుకుంటవ్" అని కాశమ్మ పళ్ళు లేని నోటితో నవ్వేది.

అంకెల పాఠం వచ్చింది. ఇచి, ని, సన్, యోన్, గో. వైశాలి పది దాకా చెప్పి, పది మీద ఎలా పోవాలో చూపించి, "ఇప్పుడు మీ చుట్టూ ఏవి ఉంటే అవి లెక్కపెట్టండి. గ్లాసులు, కుర్చీలు, ఏవైనా సరే" అంది.

నాగరాణి చుట్టూ చూసింది. గ్లాసులు లేవు, కుర్చీలు లేవు.

వాళ్ళ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మందను లెక్కపెట్టకూడదు. గొర్రెల అంకె నోటితో అంటే అది ఏ పాడు చెవిలోనో పడుతుందనీ, పడిన అంకె నిలవదనీ కాశమ్మ అత్తగారి కాలం నుంచీ నమ్మకం. సాయంత్రం దొడ్డి వాకిట్లో కాశమ్మ నిలబడుతుంది, లోపలికి పోయే ఒక్కో మొహాన్నీ చూసుకుంటుంది. మొహాలన్నీ వచ్చాయంటే మంద వచ్చినట్టే. పశువుల డాక్టరు వచ్చి ఎన్ని ఉన్నాయని అడిగితే నాగరాణి తండ్రి ఈరయ్య, మందలను కాచే దేవుణ్ణి తలుచుకుని, "ఉన్నయి సార్, బీరప్ప దయ" అంటాడు. సూదిమందు ఎంత తేవాలయ్యా అని డాక్టరు తల పట్టుకుంటే, "మందకు సరిపోను తెండ్రి" అంటాడు.

కానీ జపనీస్‌లో అంటే అది లెక్కపెట్టినట్టా? ఇక్కడ ఏ చెవికి తెలుస్తుంది?

మంచులోంచి గొర్రెలు ఒక్కొక్కటే గట్టు దాటి వస్తున్నాయి. ఇచి, అంది నాగరాణి. ని. సన్. ఒక్కో మాటా పెదవి దాటగానే ఒక్కో గొర్రె మంచులోంచి పుట్టుకొచ్చినట్టుంది. మాట ముందా, గొర్రె ముందా తెలియలేదు. పది దాటి, ఇరవై దాటి, ఆమె గొంతు తనకే కొత్తగా, ఎవరిదో పాటలా వినిపించింది. చివరి గొర్రె గట్టు దాటాక చివరి మాట గాలిలో నిలిచింది. అది ఎంత అన్నది ఆమె తెలుగులోకి తిప్పుకోలేదు. అలాగే ఉండనిచ్చింది.

ఆ సాయంత్రం దొడ్డి వాకిట్లో కాశమ్మ, "బొల్లి ఏది?" అంది.

బొల్లి నిండు చూలు గొర్రె. నల్లటి మొహం మీద తెల్ల మచ్చ ఉంటుంది, అందుకే ఆ పేరు. దొడ్డిలో లేదు. దారిలో లేదు. ఈరయ్య భుజాన గొంగడి వేసుకుని చేల వెంట పోయాడు. పరమేశ్ డ్యూటీ నుంచి వచ్చి వచ్చినట్టే ఇంకో దిక్కు పోయాడు. నాగరాణి పాత గని వైపు పరిగెత్తింది. ఊరి పడమట బండలు తీసి వదిలేసిన గనులున్నాయి. పొరలు పొరలుగా తెగిన రాయి, అడుగున పచ్చటి నీళ్ళు. అంచున నిలబడి "బొల్లీ" అని పిలిస్తే రాళ్ళు తిరిగి పిలిచాయి గాని గొర్రె పలకలేదు.

నావల్లనే, అనుకుంది నాగరాణి.  ఏ చెవికీ తెలియని భాష అనుకుంది. బీరప్పకు తెలియని భాష ఉంటుందా?

ఎదురుగా గుట్ట మీద బీరప్ప గుడి మసకగా ఉంది. నాగరాణి చేతులు జోడించింది. తన దగ్గర ఇవ్వదగ్గది ఏముందా అని వెతుక్కుంటే ఒక్కటే దొరికింది.

"బీరప్పా, బొల్లి సల్లంగ ఇంటికొస్తే గా జపాన్ మాట నోట పలక. ఒక్కటి గూడ పలక."

తెల్లారగట్ల ఈరయ్య బొల్లిని ముందు నడిపించుకుంటూ వచ్చాడు. గొంగడి మడతలో తడి ఆరని పిల్ల ఉంది, తల్లిలాగే మచ్చ మొహం. "గని లోపట బండ కింద దూరింది. సాటుకు పొయ్యి ఈనింది దొంగముండ" అన్నాడు. అమ్మ పొయ్యి ముట్టించింది. ఇల్లంతా పండగలా ఉంది. నాగరాణి గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని చెవులు తుడిచింది. హిత్సుజి అన్న మాట నాలుక మీదికి వచ్చింది. పళ్ళు బిగించి మింగింది.

తర్వాతి రోజులు వింతగా గడిచాయి. మాట బయటికి పోకుండా ఆపవచ్చు గాని లోపలికి రాకుండా ఆపడం ఎవరి తరం? మంచు చూస్తే కిరి అని లోపల ఎవరో అనేవారు. రాయి తగిలితే ఇషి అనేవారు. ఫోనులో పాఠాలు వినడం మానలేదు. వినను అని మొక్కలేదు కదా. కానీ వైశాలి ఆగిన ప్రతి ఖాళీలోనూ పెదవులు కుట్టుకున్నట్టు కూర్చునేది. కలలో మాత్రం గొర్రెలన్నీ వరసగా నిలబడి జపనీస్‌లో ఏదో అడిగేవి, తను జవాబు చెప్పకుండా తల వంచుకునేది.

మొదటి పాఠాలన్నీ ముగిసిన రోజున వైశాలి చెప్పింది. ఈ ఆదివారం ఇల్లు తెరిచి ఉంటుంది, రాగలిగినవాళ్ళు వికారాబాద్ రండి. చాయ్ అయ్యేదాకా తెలుగు మాట్లాడకూడదు, వచ్చిన నాలుగు ముక్కలైనా జపనీస్‌లోనే. అలా వచ్చి మాట్లాడినవాళ్ళతోనే తర్వాతి క్లాసులు మొదలుపెడతాను, ఎదురెదురుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.

పరమేశ్ ఆ పాఠం విని ఎగిరి గంతేశాడు. "వికారాబాద్ అంటే ఎంతసేపే? తాండూర్ల బండెక్కితే ధారూర్ దాటంగనే వచ్చె. నేను తీస్కపోత."

"నేను రాను" అంది నాగరాణి.

"ఎందుకు రావు? ఇన్ని రోజులు గొర్రెల చెవులు తింటివి. ఇప్పుడు మనిషి ముందల మాట్లాడమంటే భయమా?"

నాగరాణి మొహం తిప్పుకుంది. కళ్ళు నిండుకొచ్చాయి.

"ఏడుస్తున్నవేందే? నేనేమన్న?" అని పరమేశ్ పరేషాన్ అయ్యాడు.

మర్నాడు మంద వెంట పోతూ కాశమ్మ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది. "ఏమైంది బిడ్డా? బొల్లి ఈనినకాన్నుంచి నీ గొణుగుడు బందైంది. మందకు గూడ తోస్తలేదు."

అవ్వ దగ్గర నాగరాణికి దాపరికం లేదు. లెక్కపెట్టిందీ చెప్పింది, మొక్కిందీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అవ్వ మొహం చూడలేదు, కాలి కింది మట్టి చూసింది.

కాశమ్మ కర్రతో మట్టిలో గీత గీసింది. తర్వాత, "బొల్లి లెక్కకు పోలె. ఈననికి పోయింది. నొప్పులొస్తే ఏ తల్లయిన సాటు దేవులాడుకుంటది" అంది. మరికాస్త ఆలోచించి, "గానీ మొక్కు మొక్కే. అది ఉత్తగ పోదు" అంది.

ఆ మాట ఇంట్లో ఎత్తినప్పుడు ఈరయ్య తింటున్న చెయ్యి ఆపాడు. కోపగించుకోలేదు. అందుకే నాగరాణికి ఇంకా భయమైంది.

"మొక్కితివి, ఆయన తెచ్చిచ్చిండు" అన్నాడు మెల్లగా. "ఇప్పుడు నాది నాకియ్యి అంటమా? మంద ఆయనది బిడ్డా. మనం ఎన్క నడిసేటోళ్ళం."

"ఇయ్యమనుడు గాదురా, అడుగుడు" అంది కాశమ్మ. "అడిగితే ఏం పాయె? ఇష్టముంటే ఇస్తడు, లేకుంటే లేదంటడు. బొల్లిని నిలవెట్టి అడుగుదాం."

వాళ్ళలో దేవుణ్ణి అడగడానికి ఒక తీరు ఉంది. గొర్రె మీద పసుపు నీళ్ళు చల్లి, అడగవలసింది అడిగి, చూస్తారు. గొర్రె తల నుంచి తోక దాకా ఒళ్ళు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు. మామూలుగా అది యాటను, అంటే దేవుడికి కోసే గొర్రెను, మొక్కు చెల్లించే ముందు చేసే పని.

"ఒళ్ళిదిలిస్తే కోయాలె గదా అవ్వా?" అన్నాడు పరమేశ్.

"నోరు ముయ్యి. ముందుగాలనే చెప్తం ఆయనకు."

ఆదివారం తెల్లవారుతూనే బొల్లిని వాకిట్లోకి తెచ్చారు. మంచు గడపదాకా వచ్చి ఉంది. దొడ్డి కనిపించడం లేదు, గుట్ట లేదు, ఊరు లేదు. ఆ తెల్లదనం మధ్య ఒక గొర్రె, దాని పొట్ట కింద పిల్ల, చుట్టూ ఇంటి మనుషులు. అమ్మ పసుపు నీళ్ళ చెంబు అందించి వెనక్కి పోయి నిలబడింది.

కాశమ్మ గుట్ట ఉండవలసిన వైపు తిరిగింది. "బీరప్పా, ఇది యాట గాదు, చెప్తున్న. పిల్లతల్లి. దీన్ని కొయ్యం. ఊకె అడుగుతున్నం. మా పిల్ల తెల్వక నోటిని నీకిచ్చింది. మళ్ళ దానికి ఇడుస్తవా?" అని నీళ్ళు చల్లింది.

బొల్లి నెమరు వేస్తోంది. నీళ్ళు ఉన్ని మీద నుంచి బొట్టుబొట్టుగా జారాయి. అది కదలలేదు.

అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. బొల్లి ఒకసారి కళ్ళు మూసి తెరిచింది.

"బండి పోతది" అన్నాడు పరమేశ్.

"సప్పుడు జెయ్యకు" అన్నాడు ఈరయ్య.

కాశమ్మ మళ్ళీ చల్లింది. బొల్లికి ఆ పసుపు నీళ్ళతోనూ, వాళ్ళ పరేషాన్‌తోనూ ఏ సంబంధం ఉన్నట్టు లేదు. పోయింది, అనుకుంది నాగరాణి. ఇక అది నా నోటిది కాదు.

కాశమ్మ చెంబు తీసుకొచ్చి మనవరాలి చేతిలో పెట్టింది. "మొక్కింది నువ్వు. నువ్వే అడుగు."

నాగరాణి నీళ్ళు చల్లి పెదవులు కదిపింది.

"పక్కనున్న నాకే వినపడలే. గుట్ట మీదున్న ఆయనకు ఏం వినపడుతది? గట్టిగ అను."

నాగరాణి మంచు వైపు చూసింది. ఎవరూ కనిపించని మంచు. ఆమె జపనీస్ పలికింది ఎప్పుడూ ఆ మంచులోకే. గుండె నిండా గాలి పీల్చుకుంది.

"బీరప్పా! నేను మందను లెక్కపెట్టిన. జపాన్ మాటల పెట్టిన. తప్పయితే నన్ను అడుగు, గొర్రెలను అడగకు. బొల్లి పోయిందని భయానికి నీకు ఇచ్చిన, ఇష్టమై ఇయ్యలె. నాకు గా భాష గావాలె. లేవంగనే నా లోపట అదే ఉంటది. దాంట్లనే నాకు మాట్లాడబుద్ధయితది. ఇంక దేంట్ల గాదు."

ఆ గొంతు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటి కుక్క మొరిగి ఆగింది.

ఈరయ్య కూతురివైపు తిరిగాడు. "మందను లెక్కవెట్టినవా?"

"పెట్టిన నాయినా."

ఆయన తల దించుకున్నాడు. తర్వాత ఆగలేక, చిన్నగా, "ఎన్నున్నయి?" అన్నాడు.

"ఒరేయ్!" అంది కాశమ్మ.

"వద్దు వద్దు! చెప్పకు!" అని ఈరయ్య రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. పరమేశ్‌కు నవ్వు ఆగలేదు. మూతి గోడ వైపు తిప్పుకున్నాడు.

అప్పుడే, బొల్లి పొట్ట కింద పాలు తాగుతున్న పిల్ల తల బయటికి తీసింది. ముక్కు నుంచి తోక కొస దాకా, చెవులు తపతపలాడేలా ఒళ్ళంతా విదిలించింది. ఆ విసురుకు నిలవలేక ముందు మోకాళ్ళ మీద పడి మళ్ళీ లేచింది.



"ఇచ్చిండు" అంది కాశమ్మ.

"పిల్ల ఇదిలిచ్చిందే అమ్మా. అడిగింది తల్లి మీద గదా" అన్నాడు ఈరయ్య.

"తల్లి మీది నీళ్ళు పిల్ల మీద కారినయి."

"కారుడు వేరే, సల్లుడు వేరే."

"అది మొక్కిన నాడు పిల్ల యాడుండె? కడుపుల ఉండె. రెండిటి కోసం మొక్కినట్టె. రెండిట్ల ఏది ఇదిలిచ్చినా ఆయన ఇదిలిచ్చినట్టె. నీకు ఇంకేం గావాలె, గుట్ట దిగొచ్చి నీ చెవుల చెప్పాల్నా?"

ఈరయ్య పిల్లను చూశాడు, గుట్ట వైపు చూశాడు, కూతురిని చూశాడు. గొంగడి భుజం మీద సర్దుకున్నాడు. చాలాసేపు సర్దుకున్నాడు.

"బండికి యాళ్ళైతుంది గదా, ఇంకా నిలవడ్డరేంది?" అన్నాడు.

తాండూరు స్టేషన్లో బండి మంచులోంచి వచ్చి మంచులోకే పోయింది. కిటికీ అవతల చెట్లు రావడం, కరగడం తప్ప ఏమీ లేదు. పరమేశ్ ఎదురు సీట్లో తల వాల్చి నిద్రపోయాడు. నాగరాణికి కొత్త భయం పట్టుకుంది. ఇన్నాళ్ళు నోట్లో మూసిపెట్టిన మాటలు ఉన్నాయా, మాసిపోయాయా? ఎవరూ చూడకుండా కిటికీ ఊచలకు మొహం ఆనించి, "కిరి" అంది. ఊపిరి తగిలి ఇనుము మీద చిన్న తడి మచ్చ పడింది. మాట ఉంది.

దుకాణం ముందు వైశాలి తండ్రి వెంకటేశ్వర్ సేటు ఇంకా గిన్నెలు బయటికి పేరుస్తున్నాడు. "జపాన్ పిల్లలా? మీదికి పోండ్రి" అని మెట్లు చూపించాడు. పైన వైశాలి వాళ్ళమ్మ వసంతమ్మ ఎదురొచ్చింది. "చెప్పులు ఆడ ఇడువుండ్రి. మూతులు గుమ్మం దిక్కుండాలె అంటది మా బిడ్డ. పొయ్యేటప్పుడు మీకే సులువట" అని పరమేశ్ విప్పిన చెప్పులను తనే వంగి తిప్పి పెట్టింది. పరమేశ్ సిగ్గుపడి కిందికే పోయి కూర్చున్నాడు.

గదిలో చాప మీద కొందరు కూర్చుని ఉన్నారు. కరుణ అనే నర్సమ్మ ఉంది, జపాన్‌లో ఆస్పత్రిలో పని చేయాలని ఆమె కోరిక. ఇంజినీరింగ్ చదివే సాత్విక్ అనే అతను అరచేతిలో రాసుకుని చదువుకుంటున్నాడు. ఫోనులో చూసినదానికంటే వైశాలి పొట్టిగా ఉంది. ముక్కు మీద మసి మరక ఉంది, పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చినట్టు. నాగరాణి గోడ వారగా కూర్చుని మోకాళ్ళు దగ్గరికి లాక్కుంది.

కరుణ లేచి చక్కగా చెప్పింది. సాత్విక్ అరచెయ్యి చూసి చెప్పాడు. వైశాలి నవ్వుతూ నాగరాణి వైపు చెయ్యి చాచింది.

నాగరాణి లేచింది. తెల్లారి వాకిట్లో గుట్టను పిలిచిన గొంతు ఇంకా ఆమెలోనే ఉంది, పోలేదు. ఆ భాషను గదిలో, నాలుగు గోడల మధ్య ఎంత గొంతుతో మాట్లాడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేలల్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఒహాయో గొజాయిమాసు!"

కింద దుకాణంలో స్టీలు మోత ఆగిపోయింది. సాత్విక్ అదిరి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "ఏమైందే?" అని మెట్ల కింద నుంచి వెంకటేశ్వర్ సేటు అడిగాడు. "ఏం గాలె, పాఠం!" అంది వసంతమ్మ వంటింట్లోంచి.

నాగరాణి చెవుల దాకా ఎర్రబడింది. కూర్చుందామనుకుంది. వైశాలి కూర్చోమనలేదు, మెల్లగా అని కూడా అనలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వినడానికి సిద్ధంగా కాస్త ముందుకు వంగింది.

అప్పుడు నాగరాణి తన పేరు చెప్పింది. ఇవాళ పొద్దున అని చెప్పింది. మంచు అంది, రాయి అంది, గొర్రె అంది, మా అవ్వ అంది. వాటిని కలిపే మాటలు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. రానిచోట చేతులు వాడింది. గొర్రెపిల్ల ఒళ్ళు విదిలించడానికి మాట తెలియక, తనే తల నుంచి భుజాల దాకా విదిలించి చూపించింది. కరుణ పక్కున నవ్వింది. నాగరాణి కూడా నవ్వింది, నవ్వుతూనే ఇంకో మాట వెతికింది, దొరికింది, చెప్పింది. వసంతమ్మ చాయ్ పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయి, చాయ్ ఇస్తే తెలుగు మొదలవుతుందని కూతురు చెప్పిన మాట గుర్తొచ్చి, ఎటూ పోలేక నిలబడింది.

నేర్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. నాగరాణికి మాత్రం ఇంకా కూర్చోబుద్ధి కాలేదు.